చిత్తవైకల్యంలో మేధోశిక్షణ, మెదడు రక్తప్రసరణ

చిత్తవైకల్యం అనగా జ్ఞాపకశక్తి, ఆలోచన, భాష, నిర్ణయశక్తి వంటి మానసిక సామర్థ్యాలు క్రమంగా క్షీణించి, రోజువారీ పనులకు ఆటంకం కలిగే స్థితి. ఆంగ్లంలో దీనిని డిమెన్షియా అని పిలుస్తారు. ఇది ఒకే వ్యాధికి పేరు కాదు, పలు వ్యాధుల వలన కలిగే లక్షణాల సముదాయం. ఈ వ్యాధులలో అల్జీమర్స్ వ్యాధి ప్రధానమైనది. మెదడులోని రక్తనాళాలు దెబ్బతినడం వలన కలిగే చిత్తవైకల్యం తరువాతి స్థానాలలో ముఖ్యమైనది. పెద్దవారిలో రెండూ కలిసి ఉండటం సర్వసాధారణం. తెలుగునాట దీనిని చాలాకాలం "ముసలి చాదస్తం" అని కొట్టిపారేయడం జరిగింది. అది వయస్సుతో అందరికీ తప్పనిసరిగా వచ్చే మార్పు కాదు.

జ్ఞాపకం, ఏకాగ్రత, తర్కం వంటి సామర్థ్యాలను ఒక క్రమంలో అభ్యాసం చేయించి నిలబెట్టే ప్రయత్నమే మేధోశిక్షణ. దీని ఆంగ్లనామం కాగ్నిటివ్ ట్రైనింగ్. మెదడుకు పని కల్పిస్తే దానికి రక్తం ఎక్కువగా పారుతుందని, రక్తం పారితే పోయిన మతి తిరిగి వస్తుందని ఒక నమ్మకం ప్రచారంలో ఉన్నది. ఇందులో మొదటి సగం శాస్త్రీయంగా రుజువైనది. రెండవ సగానికి తగిన రుజువు లేదు. ఈ తేడా తెలియకపోవడం వలన రోగుల కుటుంబాలు ధనాన్నీ, ఓర్పునూ కూడా వృథా చేసుకొనే అవకాశం ఉన్నది.

మెదడు - రక్తం అవసరం

వయోజనుని మెదడు సుమారు 1,400 గ్రాముల బరువు ఉంటుంది. ఇది శరీర బరువులో రమారమి 2 శాతం. అయినను గుండె పంపే రక్తంలో దాదాపు 15 శాతం, విశ్రాంతిలో శరీరం వాడుకొనే ఆమ్లజనిలో దాదాపు 20 శాతం మెదడుకే చేరుతుంది. 100 గ్రాముల మెదడు కణజాలానికి నిమిషానికి సగటున 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. నాడీకణాలు ఎక్కువగా ఉండే బూడిదరంగు పదార్థంలో ఇది సగటుకంటే ఎక్కువ, నాడీతంతువులతో కూడిన తెల్లని పదార్థంలో తక్కువ.

మెదడులో ఇంధనపు నిల్వ అత్యల్పం. రక్తప్రసరణ పూర్తిగా ఆగితే పది సెకన్ల లోపునే స్పృహ తప్పుతుంది, కొద్ది నిమిషాలలో నాడీకణాలు చనిపోవడం మొదలవుతుంది. అందుచేత ఏ భాగం పనిచేస్తున్నదో ఆ భాగానికి అప్పటికప్పుడు రక్తాన్ని మళ్ళించే ఏర్పాటు మెదడులోనే ఉన్నది. నాడీకణాలు చురుకైనపుడు అవీ, వాటి చుట్టూ ఉండే నక్షత్రాకార కణాలూ నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాగ్లాండిన్లు వంటి రసాయనాలను విడుదల చేస్తాయి. వాటి ప్రభావంతో సమీపంలోని సన్నని ధమనులు వ్యాకోచిస్తాయి. ఒకటి రెండు సెకన్లలో ఆ చోట రక్తప్రసరణ పెరగడం మొదలై, మరికొద్ది సెకన్లలో గరిష్ఠానికి చేరుతుంది. కాలువ చివర పొలానికి నీరు కావలసినపుడు తూము తెరవడం వంటిదే ఇది. అయితే నీరు వచ్చినంత మాత్రాన పైరు పండదు, పొలంలో నాటు ఉండాలి. చిత్తవైకల్యంలో చిక్కంతా ఇక్కడే ఉన్నది.

తొలి పరిశీలనలు

ఇటలీలోని ట్యూరిన్ నగరానికి చెందిన శరీరధర్మ శాస్త్రవేత్త ఆంజెలో మోస్సో (1846-1910) పుర్రెలో కొంత ఎముక ఊడిపోయిన రోగులలో మెదడు స్పందనలను నమోదు చేశాడు. వారిలో బెర్టినో అనే రైతు ఒకడు. మధ్యాహ్నం చర్చి గంటలు మ్రోగగానే అతని మెదడు స్పందనలు పెరిగాయి. చేతి నాడిలో అటువంటి మార్పు కానరాలేదు. ఆ గంటలు వింటే ప్రార్థన గుర్తుకు వచ్చిందా అని అడిగినపుడు స్పందనలు మరల పెరిగాయి. దీనితో ఆలోచనకూ మెదడు రక్తానికీ సంబంధం ఉన్నదని మోస్సో గ్రహించాడు. 1890లో ఇంగ్లండులో ఛార్లెస్ రాయ్, ఛార్లెస్ షెరింగ్టన్ అను ఇరువురు జంతువులపై ప్రయోగాలు చేసి, మెదడు తన పనికి తగినట్లుగా తన రక్తాన్ని తానే సర్దుకొంటుందని ప్రతిపాదించారు.

1928లో అమెరికాలో జాన్ ఫుల్టన్ ప్రచురించిన ఒక రోగి వృత్తాంతం మరింత ఆసక్తికరమైనది. తలవెనుక దృష్టికి సంబంధించిన భాగంపై రక్తనాళాల ముడి ఏర్పడిన ఒక రోగికి తలలో నిరంతరం హోరు వినబడేది. స్టెతస్కోపు పెట్టి వింటే వైద్యులకు కూడా అది వినిపించేది. రోగి ఏదైనా చదివినపుడు ఆ హోరు హెచ్చేది. కన్నులు మూసుకొని విశ్రమిస్తే తగ్గేది. వాసన చూసినపుడు మార్పు ఉండేది కాదు. మెదడులో ఏ పనికి ఆ చోటనే రక్తం పెరుగుతుందనడానికి ఇది చెవితో విన్న సాక్ష్యం.

మనిషి మెదడుకు చేరే రక్తాన్ని అంకెలలో కొలిచే పద్ధతిని 1940లలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సేమూర్ కెటీ, కార్ల్ ష్మిట్ రూపొందించారు. రోగిచేత స్వల్ప పరిమాణంలో నైట్రస్ ఆక్సైడ్ పీల్పించి, మెదడుకు పోయే రక్తంలోనూ మెదడు నుండి తిరిగి వచ్చే రక్తంలోనూ దాని గాఢతను పోల్చి లెక్కకట్టేవారు. 1955లో లూయీ సోకొలాఫ్, కెటీ మొదలైనవారు ఈ పద్ధతితోనే ఒక పరీక్ష జరిపారు. మనస్సులో లెక్కలు చేస్తున్నపుడు మెదడు మొత్తానికి అందే రక్తంలో చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు. పెరుగుదల ఆయా చోట్లకే పరిమితం కావడంవలన సగటులో అది కలిసిపోతుంది. "లెక్కలు చేస్తే మెదడుకు రక్తం రెట్టింపవుతుంది" వంటి ప్రకటనలు చదివేటప్పుడు ఈ ఫలితాన్ని గుర్తుంచుకొనవలెను.

కారణమా? పర్యవసానమా?

1906లో జర్మనీ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ ఒక మహిళ మెదడులో చూసిన ఫలకాలను, నాడీతంతువుల చిక్కులను వివరించాడు. కాని తరువాత కొన్ని దశాబ్దాల వరకు అది నడివయస్సులో వచ్చే అరుదైన వ్యాధి అని మాత్రమే భావించారు. వృద్ధులలో మతి తప్పడానికి ధమనులు గట్టిపడి సన్నబడటమే కారణమనే అభిప్రాయం బలంగా ఉండేది. చిత్తవైకల్యం ఉన్నవారిలో మెదడు రక్తప్రసరణ తక్కువగా ఉన్నట్లు కెటీ పద్ధతి చూపడంతో ఆ అభిప్రాయానికి ఊతం లభించింది. పపావెరిన్ వంటి, రక్తనాళాలను వ్యాకోచింపజేసే మందులను వృద్ధులకు విరివిగా ఇచ్చారు. ఆశించిన మేలు జరుగలేదు.

1968లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో బ్లెసెడ్, టామ్లిన్‌సన్, రాత్ అనే పరిశోధకులు మరణించిన వృద్ధుల మెదళ్ళను పరిశీలించి, అల్జీమర్ వర్ణించిన ఫలకాల సంఖ్యకూ చిత్తవైకల్యపు తీవ్రతకూ సంబంధం ఉన్నదని చూపారు. 1974లో హచిన్‌స్కీ, లాసెన్, మార్షల్ ప్రచురించిన వ్యాసం మరొక అంశాన్ని స్పష్టం చేసింది. రక్తనాళాల వలన మతి తప్పేది అవి మెల్లగా సన్నబడినందుకు కాదు, మెదడులో అక్కడక్కడ రక్తం అందక చిన్న చిన్న భాగాలు చనిపోయినందుకు. ఆ విధంగా అల్జీమర్స్ వ్యాధిలో రక్తప్రసరణ తగ్గడం పర్యవసానమని అర్థమయింది. నాడీకణాలు నశించినచోట అవసరం తగ్గుతుంది, అవసరం తగ్గినచోట రక్తం తగ్గుతుంది.

విషయం అంతటితో ముగియలేదు. 2016లో ఇటూరియా-మెదీనా బృందం వెయ్యిమందికి పైగా వ్యక్తుల సమాచారాన్ని విశ్లేషించి, అల్జీమర్స్ వ్యాధి క్రమంలో రక్తప్రసరణలోని మార్పులు చాలా ముందుగానే కనిపిస్తాయని తెలిపింది. 2019లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు, వ్యాధికి మూలమైన అమైలాయిడ్ అనే మాంసకృత్తు రక్తకేశనాళికల చుట్టూ ఉండే కణాలను బిగుసుకొనేట్లు చేసి నాళికలను సన్నబరుస్తున్నదని చూపారు. కాబట్టి రక్తప్రసరణ తగ్గుదల కొంత పర్యవసానం, కొంత కారణం కూడా అయివుండవచ్చునని నేటి అవగాహన.

నేటి కొలత పద్ధతులు

కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థాన్ని సిరలోకి ఎక్కించి తీసే స్పెక్ట్, పెట్ చిత్రాలు 1980ల నుండి వాడుకలో ఉన్నాయి. అల్జీమర్స్ వ్యాధిలో కణతల వెనుకభాగంలోను, మెదడు పార్శ్వభాగాల పైవైపునను, రెండు అర్ధగోళాల నడుమ వెనుకవైపునను రక్తప్రసరణ తగ్గినట్లు ఇవి చూపుతాయి. కదలికలను శాసించే భాగం, చిన్నమెదడు చాలాకాలం వరకు బాగానే ఉంటాయి. పేరు మరచిన మనిషి నడక మాత్రం మరువకపోవడానికి ఇది ఒక కారణం.

1990లో సెయిజీ ఒగావా వివరించిన సూత్రంపై ఫంక్షనల్ ఎమ్.ఆర్.ఐ. ఆధారపడి ఉన్నది. 1992లో వెలువడిన మరొక పద్ధతిలో మెడవద్ద ధమనులలోని రక్తపు నీటి అణువులకే రేడియో తరంగాలతో గుర్తు వేసి, అవి మెదడుకు చేరడాన్ని చిత్రిస్తారు. ఇంజెక్షను అవసరం లేదు. కొద్ది నిమిషాలలో పూర్తవుతుంది కనుక వృద్ధులకు అనుకూలం. ఈ కొలతలు సున్నితమైనవి. పరీక్షకు ముందు కాఫీ త్రాగితే రక్తప్రసరణ తగ్గుతుంది, రక్తహీనత ఉంటే పెరుగుతుంది, నిద్రమత్తు కూడా ప్రభావం చూపుతుంది. పదిమంది, ఇరవైమందితో జరిగిన అధ్యయనాలలో కనిపించే చిన్న తేడాలను జాగ్రత్తగా చూడవలసినది ఇందుకే.

శిక్షణలో మూడు విధాలు

వార్తాపత్రికలు తరచు ఒకటిగా కలిపివేసే మూడు పద్ధతులు నిజానికి వేరు వేరు. మొదటిది మేధోశిక్షణ. ఇందులో జ్ఞాపకం, శ్రద్ధ వంటి ఒక్కొక్క సామర్థ్యానికి నిర్ణీతమైన అభ్యాసాలు ఉంటాయి. కాగితంపై గాని, కంప్యూటరుపై గాని చేయిస్తారు. రెండవది మేధో ఉత్తేజనం. కొద్దిమందిని కూర్చోబెట్టి పాటలు, పాత సంగతులు, వంటకాలు, వార్తలు, ఆటల ద్వారా సంభాషణ నడపడం దీని పద్ధతి. మూడవది మేధో పునరావాసం. రోగికి కావలసిన ఒక పనిని, ఉదాహరణకు ఫోను చేయడం లేదా మందులు వేళకు వేసుకోవడం, తిరిగి సాధ్యమయ్యేట్లు చేయడం దీని లక్ష్యం.

మేధోశిక్షణపై 2019లో కాక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్షలో 33 ప్రయోగాలను పరిశీలించారు. ఏ శిక్షణా పొందనివారితో పోల్చితే శిక్షణ పొందినవారి పరీక్షా ఫలితాలు కొంత మెరుగు. మరేదైనా కాలక్షేపం కల్పించినవారితో పోల్చితే తేడా దాదాపు లేదు. బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలను రూపొందించే నైస్ సంస్థ 2018లో, స్వల్ప లేదా మధ్యస్థ స్థాయి అల్జీమర్స్ వ్యాధికి చికిత్సగా మేధోశిక్షణను ఇవ్వవద్దని, బృందంగా జరిపే మేధో ఉత్తేజనాన్ని అందించవలెనని సూచించింది. ఈ ఉత్తేజనానికి ఆధారమైన ఎయిమీ స్పెక్టర్ ప్రయోగం 2003లో వెలువడింది. ఇందులో 201 మంది పాల్గొన్నారు. ఏడు వారాలలో 14 సమావేశాలు జరిపిన తరువాత వారి మేధాపరీక్షలలోను, జీవన నాణ్యతలోను మెరుగుదల కనిపించింది. పునరావాసంపై 2019లో లిండా క్లేర్ బృందం 475 మందితో జరిపిన ప్రయోగంలో, రోగులు తాము ఎంచుకొన్న పనులలో ముందుకు సాగారు. అయితే జ్ఞాపకశక్తి పరీక్షల మార్కులు మాత్రం పెరుగలేదు. జీవితం మెరుగు కావడానికి మార్కులు పెరగనవసరం లేదనే సంగతిని కుటుంబసభ్యులు గమనించవలెను.

అమెరికాలో 2,832 మంది వృద్ధులతో జరిగిన "యాక్టివ్" అధ్యయనం తరచు ఉదహరింపబడుతుంది. దాని ఫలితాలు 2002 నుండి వెలువడ్డాయి. చూపుతో వేగంగా గుర్తించే శిక్షణ పొందినవారిలో పదేళ్ళ తరువాత చిత్తవైకల్యం 29 శాతం తక్కువగా ఉన్నదని 2017లో ఒక విశ్లేషణ తెలిపింది. ఆ నిర్ధారణ పద్ధతిపై విమర్శలు కూడా వచ్చాయి. మరొక ముఖ్యవిషయం ఏమనగా, ఆ అధ్యయనంలో చేరినవారు చేరేనాటికి చిత్తవైకల్యం లేనివారు. ఆరోగ్యవంతులలో రాకుండా చూడటం, వచ్చినవారిలో తగ్గించడం రెండు వేరు ప్రశ్నలు.

శిక్షణ వలన రక్తప్రసరణ మారుతుందా?

ఆరోగ్యవంతులలో మారవచ్చునని కొంత ఆధారం ఉన్నది. టెక్సాస్ విశ్వవిద్యాలయపు డల్లాస్ శాఖలో సాండ్రా ఛాప్‌మన్ బృందం 56 నుండి 71 ఏళ్ళ వయస్సు గల 37 మందిని పరిశీలించింది. 12 వారాలపాటు తార్కికమైన ఆలోచనలో శిక్షణ పొందినవారిలో విశ్రాంతి సమయపు రక్తప్రసరణ పెరిగింది. చిత్తవైకల్యం ఉన్నవారిలో శిక్షణకు ముందు, తరువాత రక్తప్రసరణను కొలిచిన అధ్యయనాలు కొద్దిమందితో జరిగినవే. వాటినుండి గట్టి నిర్ణయానికి రావడం సాధ్యం కాదు.

జపాన్‌లో ర్యూతా కవషిమా బృందం 2005లో ప్రచురించిన ప్రయోగం ప్రసిద్ధి పొందినది. అల్జీమర్స్ వ్యాధి ఉన్న 32 మందిలో సగం మందిచేత ఆరు నెలలపాటు బిగ్గరగా చదివించి, చిన్న చిన్న లెక్కలు చేయించారు. చదవడం, సులభమైన లెక్కలు చేయడం ఆరోగ్యవంతులలో మెదడు ముందుభాగాన్ని చురుకు చేస్తాయని కవషిమా అంతకు ముందే చిత్రాల ద్వారా చూపాడు. ప్రయోగంలో పాల్గొన్నవారికి ముందుభాగపు పనితీరును కొలిచే పరీక్షలో మార్కులు పెరిగాయి. ఇచ్చిన పనులు కష్టమైనవి కావు, రోగి తప్పక చేయగలిగినవే. సిబ్బంది ఎదుట కూర్చొని మాట్లాడుతూ, మెచ్చుకొంటూ చేయించారు. మేలు జరిగినది లెక్కల వలనా, లేక ఎదుట కూర్చొన్న మనిషి వలనా అనే ప్రశ్నకు ఆ ప్రయోగంలో జవాబు దొరకదు. ఆ మనిషిని తొలగించి లెక్కలను మాత్రమే అమ్మడం తరువాతి వ్యాపారాలు చేసిన పని.

రక్తప్రసరణ పెరిగినా దానిని ఎట్లా అర్థం చేసుకోవాలన్నది మరొక చిక్కు. 1992లో రిచర్డ్ హేయర్ బృందం టెట్రిస్ అనే కంప్యూటర్ ఆట నేర్చుకొంటున్న యువకుల మెదళ్ళలో గ్లూకోజు వినియోగాన్ని కొలిచింది. ఆటలో నైపుణ్యం పెరిగిన కొద్దీ వినియోగం తగ్గింది. నేర్చిన మెదడు తక్కువ ఖర్చుతో పని జరుపుకొంటుంది. అందువలన శిక్షణ తరువాత ఒక భాగానికి రక్తం పెరిగితే అది కోలుకోవడం కావచ్చు, దెబ్బతిన్న భాగం పనిని మరొక భాగం మోయడం కావచ్చు. రంగుల చిత్రంలో ఎరుపు ఎక్కువైతే మంచిదని నేరుగా చెప్పలేము.

నిల్వడిపిన్ అనుభవం

రక్తం పెరిగితే మతి తిరిగి వస్తుందా అనే ప్రశ్నకు నేరుగా జవాబునిచ్చినది ఒక మందు ప్రయోగం. నిల్వడిపిన్ అనునది రక్తపోటును తగ్గించే మందు. ఐరోపాలో అల్జీమర్స్ వ్యాధి ఉన్న 511 మందికి దీనిని 18 నెలలపాటు పరీక్షించి, ఫలితాలను 2018లో ప్రచురించారు. మేధాక్షీణత ఆగలేదు. వీరిలో 44 మందికి నెదర్లాండ్స్‌లో రక్తప్రసరణను కొలవగా, ఆరు నెలల తరువాత జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లో ప్రసరణ దాదాపు 20 శాతం పెరిగినట్లు తేలింది. ఆ పెరుగుదల జ్ఞాపకశక్తి పరీక్షలలో కనిపించలేదు. నీరు వచ్చినది, కాని పైరు ఎదగలేదు.

ఈ ప్రయోగం మరొక భయాన్ని తొలగించింది. రక్తపోటు తగ్గిస్తే వృద్ధుల మెదడుకు రక్తం చాలదని చాలామంది మందులు మానివేస్తుంటారు. ఇక్కడ పోటు తగ్గినా ప్రసరణ తగ్గలేదు. అమెరికాలో జరిగిన స్ప్రింట్ ప్రయోగంలో కూడా రక్తపోటును గట్టిగా అదుపుచేసినవారిలో మెదడు రక్తప్రసరణ పెరిగినట్లు 2022లో ప్రచురించారు. స్వల్ప మేధాక్షీణత కూడా వారిలో తక్కువగా వచ్చినట్లు 2019లోనే తెలిసింది.

హైదరాబాదు అధ్యయనాలు

జీవితకాలపు అభ్యాసం గురించిన ముఖ్యమైన అధ్యయనాలలో ఒకటి హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో జరిగింది. సువర్ణ అల్లాడి బృందం చిత్తవైకల్యం ఉన్న 648 మంది వివరాలను పరిశీలించి 2013లో ప్రచురించింది. రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో వ్యాధి సుమారు నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలైనది. చదువురానివారిలో కూడా ఈ తేడా కనిపించడం విశేషం. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ లేదా హిందీ మాట్లాడే నగరంలో భాషలు మార్చుకోవడం బడికి పోని శిక్షణ అనవచ్చును. అదే సంస్థలో పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించిన మరొక అధ్యయనం 2016లో వెలువడింది. మేధాశక్తి చెడకుండా మిగిలినవారు బహుభాషీయులలో 40.5 శాతం, ఏకభాషీయులలో 19.6 శాతం. పక్షవాతం వచ్చినవారిలోనూ ఈ తేడా కనిపించడాన్ని పరిశోధకులు మెదడులోని నిల్వశక్తి అనే భావనతో వివరిస్తారు. ఇవి పరిశీలనాత్మక అధ్యయనాలు మాత్రమే. అరవై ఏట కొత్తభాష నేర్చుకొంటే వ్యాధి రాదని వీటి అర్థం కాదు.

వ్యాపార ప్రకటనలు

2014లో స్టాన్‌ఫర్డ్, మాక్స్ ప్లాంక్ సంస్థల ఆధ్వర్యంలో సుమారు 70 మంది శాస్త్రవేత్తలు, మెదడు ఆటలు మేధాక్షీణతను ఆపుతాయనడానికి తగిన ఆధారాలు లేవని ప్రకటన చేశారు. దానిని ఖండిస్తూ వందకు పైగా శాస్త్రవేత్తలు మరొక ప్రకటన కూడా చేశారు. 2016 జనవరిలో లూమాసిటీ అనే ఆటల సంస్థ, మోసపూరిత ప్రకటనల ఆరోపణపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 20 లక్షల డాలర్లు చెల్లించి రాజీ కుదుర్చుకొన్నది.

ఇంటివద్ద

చిత్తవైకల్యం ఉన్న పెద్దవారిని "నేనెవరో చెప్పు తాతయ్యా", "నిన్న ఏం కూర తిన్నావు నానమ్మా" అని పదే పదే పరీక్షించడం చాలా ఇళ్ళలో కనిపిస్తుంది. ఇది శిక్షణ కాదు. జవాబు తెలియని ప్రశ్న వారిని నలుగురిలో చిన్నబుచ్చుతుంది. తప్పు జవాబు చెప్పిస్తే ఆ తప్పే మనస్సులో నిలిచిపోయే ప్రమాదం కూడా ఉన్నది. "నేను మీ మనుమడిని, రవిని" అని ముందే చెప్పి మాట మొదలుపెట్టడం మేలు.

ఏదైనా ఒక్క విషయం గుర్తుండవలసినపుడు విరామాలతో గుర్తుచేసే పద్ధతి ఉపయోగపడుతుంది. ఉదాహరణకు మందుల డబ్బా దేవుని అలమరలో ఉన్నదని చెప్పి, వెంటనే అడగాలి. తరువాత అర నిమిషానికి, ఒక నిమిషానికి, రెండు, నాలుగు, ఎనిమిది నిమిషాలకు అడుగుతూ పోవాలి. నడుమ మామూలు కబుర్లు చెప్పుకోవచ్చును. మరచితే విసుగుకొనక, జవాబు వెంటనే చెప్పి ముందటి విరామానికి మరలాలి. ఇది ఆ ఒక్క విషయానికే పనికివస్తుంది, మొత్తం జ్ఞాపకశక్తిని పెంచదు.

శిక్షణ మొదలుపెట్టడానికి ముందు వైద్యపరీక్ష అవసరం. బి12 విటమిను లోపం, థైరాయిడ్ లోపం, మానసిక క్రుంగుబాటు, చెవుడు వంటివి చిత్తవైకల్యంలా కనిపించవచ్చు, లేదా ఉన్నదానిని పెంచవచ్చు. వీటికి చికిత్స ఉన్నది. చదువురానివారిని చదువు ఆధారంగా ఉన్న పరీక్షలతో కొలిస్తే లేని వ్యాధి ఉన్నట్లు తోచవచ్చును. ఈ కారణంగా భారత వైద్య పరిశోధనా మండలి తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో ప్రత్యేక పరీక్షలను రూపొందించింది.

చిత్తవైకల్యం సాధారణంగా నెలలు, సంవత్సరాల మీద పెరుగుతుంది. ఉన్నట్టుండి మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒకవైపు చేయి లేదా కాలు పడిపోయినా అది పక్షవాతం కావచ్చు. అప్పుడు రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటల లోపల ఇవ్వవలసి ఉంటుంది కాబట్టి రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.